నాలుగు వేళ్ళ దూరం

గురువారం సాయంత్రం ఆరు గంటలకు ఆ బారులో, వచ్చినవాళ్ళే తెర మీద మాటలు చూసి పాడే కరోకే పాటలు మొదలవుతాయి. వాటిని నడిపించే వదిన ఐదున్నరకే వచ్చేస్తుంది. స్పీకర్లు మొయ్యడానికి ఆమె చెల్లెలు ప్రతి వారం తన మొగుణ్ణి తోలుతుంది. "ఇంట్లో కూర్చుని నా వంటకు వంకలు పెట్టే బదులు, అక్క దగ్గరికెళ్ళి రెండు డబ్బాలు మొయ్యొచ్చుగా" అంటుంది. అతను పైకి సణుగుతాడు గాని, బుధవారం నుంచే గురువారం కోసం ఎదురుచూస్తుంటాడు. మూల బల్ల దగ్గర సోడా పెట్టుకుని కూర్చుని వదిన పనిచెయ్యడం చూడటమంటే అతనికి అంత ఇష్టం.

అతనిది పళ్ళ సెట్లు చేసే పని. ఆరంతస్తుల బిల్డింగులో నాలుగో అంతస్తు మీద పళ్ళ డాక్టరు గారి క్లినిక్కు, దాని వెనక చిన్న గది అతనిది. డాక్టరు గారు ప్లాస్టర్ అచ్చు పంపిస్తే, అతను మైనంలో పన్ను పక్కన పన్ను నిలబెట్టి, వేడిచేసి, అరగదీసి, మెరుగుపెట్టి తిరిగి పంపిస్తాడు. ఆ పళ్ళు ఎవరి నోట్లోకి వెళ్ళేదీ అతనికి తెలియదు. సెట్టుకొక నంబరు, అంతే. ఇరవై ఏళ్ళుగా ఆ గదిలో నవ్వులన్నీ అతను చేసినవే, నవ్విన మనిషి మాత్రం ఒక్కడూ అక్కడికి రాలేదు. బిల్డింగులో అందరూ అతన్ని పళ్ళాయన అంటారు.

వదిన ఇరవై రెండేళ్ళు బస్టాండులో అనౌన్సరుగా చేసి రిటైరయింది. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా మైకును వేలితో కొట్టి చూడలేదట, అందులోకి ఊదలేదట. "నిద్రపోయేవాణ్ణి చెంప మీద కొట్టి లేపుతామా? పేరు పెట్టి పిలుస్తాం. మైకూ అంతే" అంటుంది. పాటకీ పాటకీ మధ్య మైకు తలను మెత్తటి గుడ్డతో తుడిచి, పైనున్న స్పాంజి తొడుగు మారుస్తుంది. ఇచ్చేటప్పుడు పిడి అవతలివాళ్ళ చేతికి అందేలా తిప్పి, స్విచ్చు వేసే ఇస్తుంది. పదునైన పనిముట్టు ఒకరికొకరు అందించుకునే పద్ధతి అది. పళ్ళాయనకు ఆ పద్ధతి తెలుసు గనక, చూసినప్పుడల్లా కడుపు నిండినట్టుంటుంది. మైకు తీసుకున్న మనిషి ఎంత తూలుతున్నా వీపు నిటారుగా పెట్టి నిలబడతాడు.

కొత్తవాళ్ళొస్తే వదిన తన నాలుగు వేళ్ళూ కలిపి, వాళ్ళ పెదవికీ మైకుకీ మధ్య అడ్డంగా పెట్టి చూపిస్తుంది. "ఇంత దూరం. గొంతు పైకెళ్ళేటప్పుడు మైకుని కాస్త వెనక్కి లాగండి, కిందికి దిగేటప్పుడు దగ్గరికి రానివ్వండి. ఒత్తి పలికే అక్షరాలొస్తే ముఖం ఒక వెంట్రుకవాసి పక్కకి తిప్పండి, లేకపోతే టపాకాయ పేలినట్టుంటుంది. తల మాత్రం గుప్పిట్లో పట్టుకోకండి, పాట ఊపిరాడక చస్తుంది."

వంతుల సంగతి ఇంకా గట్టిది. గోడకు ఒక దారం కట్టి, పాట చీటీలను బట్టల క్లిప్పులతో వచ్చిన వరసలో తగిలిస్తుంది. ఎవరి క్లిప్పు ఎక్కడుందో బారంతటికీ కనపడుతుంది. ఒక పాట పాడితే క్లిప్పు దారం చివరికి పోవాల్సిందే. బారు ఓనరు కౌంటరు వెనకనుంచి కళ్ళతో సైగ చేసినా ఆ క్లిప్పు కదలదు. "దిగేవాళ్ళు దిగాకే ఎక్కేవాళ్ళు ఎక్కాలండీ" అని నవ్వుతూ చెబుతుంది. పైగా పాట ప్రకటించడం కూడా బస్సును ప్రకటించినట్టే. "దయచేసి వినండి. మూడో బల్ల నుంచి బయలుదేరవలసిన పాట మరి కొద్ది క్షణాల్లో వేదిక మీదికి రానున్నది." అక్కడికొచ్చేవాళ్ళలో సగంమంది ఆ మాట వినడానికే వస్తారు.

ఆ నియమాలన్నిటికీ లొంగని మనిషి ఒక్కడే, టైల్స్ షోరూం యజమాని. ఎనిమిదిమందిని వెంటేసుకొచ్చి ముందు బల్ల ఆక్రమిస్తాడు. మనసులో కల్మషం లేదు, గొంతులో పొదుపు లేదు. మైకు తలను పిడికిట్లో బిగించి పాడతాడు. తన వంతు కానప్పుడు, జంట పాటల కోసం స్టాండు మీద పెట్టిన రెండో మైకు అందుకుని, పాడేవాళ్ళ మధ్యలో దూరి "అబ్బో", "అదీ లెక్క" అంటుంటాడు. "ఆ మైకు జంట పాటలకండీ" అని వదిన అంటే, "మనమంతా ఒక కుటుంబమే కదండీ" అంటాడు. ఏమంటాం?

ఒక గురువారం ఏడు గంటలకు పళ్ళాయన పనిచేసే బిల్డింగులో లిఫ్టు నడిపే ఆవిడ కోడలితో కలిసి బారులోకొచ్చింది. యాభై దాటిన మనిషి. బిల్డింగులో అందరికీ లిఫ్టమ్మ. స్టూలు మీద బటన్ల వైపు తిరిగి కూర్చుని, తలుపులు మూసుకోగానే పాట అందుకుంటుంది, తెరుచుకోగానే ఆపేస్తుంది. పళ్ళాయన ఏళ్ళ తరబడి ఆ పాటలు అంతస్తుల లెక్కనే విన్నాడు. నెల రోజులు సెలవు పెట్టి, మూడు వారాల కిందటే మళ్ళీ పనిలోకొచ్చింది.

"నేను కాదండీ, మా అత్తయ్య" అంది కోడలు, చీటీ వదిన చేతికిస్తూ. "వంటింట్లో పాడితే కుక్కర్ కూత, లిఫ్టులో పాడితే తలుపు. ఈవిడ ఒక్క పాటైనా మొదట్నుంచి చివరిదాకా పాడగా నేను వినలేదు. ఇవాళ వినాలని లాక్కొచ్చాను."

లిఫ్టమ్మ వదిన చెప్పింది చెప్పినట్టు విని, మైకు నాలుగు వేళ్ళ దూరంలో పెట్టుకుంది. పాత పాట, నిదానమైనది. మొదటి పదానికే స్పీకర్లలోంచి సన్నటి ఈల వచ్చింది. "స" వచ్చిన ప్రతి చోటా ఈల. ఆ పాటలో పల్లవి నిండా "స"లే. ఆవిడ ఉలిక్కిపడి, సర్దుకుని, రెండో లైను అందుకుంది. మళ్ళీ ఈల. అప్పుడు ముందు బల్ల నుంచి టైల్సాయన రెండో మైకు అందుకుని, అచ్చం అలాగే ఒక ఈల వేశాడు.

బారంతా గొల్లుమంది. వదిన చెయ్యి రెండో మైకు శబ్దం తగ్గించే మీటను కిందికి లాగింది గాని, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. లిఫ్టమ్మ నాలుగు లైన్లు పూర్తిచేసి ఆగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మైకును బల్ల మీద పారెయ్యలేదు. పిడి వదిన వైపు తిప్పి, స్విచ్చు తీసి, జాగ్రత్తగా అందించింది. "థాంక్సండీ" అని కోడలి భుజం పట్టుకుని నడిచింది.

నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసి మైకిచ్చిన ఆ ఒక్క క్షణంలో, పైనుంచి పడుతున్న లైటులో, పళ్ళాయన ఆవిడ పళ్ళు చూశాడు. పై వరసలో ఎడమవైపు రెండో పన్ను ఒక్క పిసరు పక్కకి తిరిగి ఉంది. అచ్చుగుద్దినట్టున్న పళ్ళు మనిషివిలా ఉండవని, తను చేసే ప్రతి సెట్టులోనూ ఆ పన్నును అలా తిప్పిపెట్టేది తనే.

వదిన ముందు బల్ల దగ్గరికెళ్ళి, రెండో మైకు తీసుకుని, తుడిచి, తన సంచీలో పెట్టుకుంది. తరవాతి పాట ప్రకటించేటప్పుడు గొంతులో తేడా లేదు. స్పాంజి తొడుగు మాత్రం ఒకే మైకుకు రెండుసార్లు మార్చింది.

"నా చెయ్యి ఆలస్యమైంది మరిదీ" అంది, ఇంటికి స్పీకర్లు మోస్తున్నప్పుడు. "ఇరవై రెండేళ్ళలో ఒక్క బస్సునీ తప్పు ప్లాట్‌ఫారం మీదికి పంపలేదు. ఇవాళ ఒక మనిషిని పంపేశాను."

తప్పు ఎవరి చెయ్యి చేసిందో అతనికి తెలుసు.

*

శుక్రవారం పొద్దున్నే పాత అచ్చులన్నీ తిరగేశాడు. నెల కిందటి నంబరు, ఆడమనిషి, పై సెట్టు. అచ్చు దొరికింది. చిటికెన వేలితో తడుముతుంటే ఆ రోజు గుర్తొచ్చింది. ముందు పళ్ళ వెనక, అంగిలి తగిలేచోట, అద్దంలా మెరవాలని అరగదీసి అరగదీసి పల్చగా చేసేశాడు. కిటికీ దగ్గర పెట్టుకుని చూసుకుని మురిసిపోయాడు కూడా. ఆ మెరుపును ఎవరూ చూడరు. నాలుకకు మాత్రం అక్కడ ఆనుకునే చోటు పోయి, గాలి సన్నటి సందులోంచి ఈలగా బయటికొస్తుంది. చెప్పుకుంటే సిగ్గుచేటు. మంచి పనివాడినని అనిపించుకోవాలన్న యావే పనిని చెడగొట్టింది.

లిఫ్టు దగ్గరికెళ్ళాడు. ఆవిడ బటన్ల వైపు తిరిగి కూర్చుని ఉంది. తలుపులు మూసుకున్నాయి. పాట లేదు. నాలుగు నుంచి కిందికి, కింది నుంచి నాలుగుకి, లిఫ్టు తీగల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఇన్నేళ్ళలో ఆ డబ్బా అంత ఇరుగ్గా అతనికెప్పుడూ అనిపించలేదు. ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుంటూ మూడుసార్లు పైకీ కిందికీ తిరిగాడు. నాలుగోసారి ఆవిడే అడిగింది.

"ఏం పోయిందండీ?"

"మీ పాట పోయిందమ్మా. పోగొట్టింది నేను."

ఆవిడ వెనక్కి తిరిగింది. నోరు మాత్రం చేత్తో కప్పుకుంది.

"ఆ పళ్ళు చేసింది నేనే. ఈల మీ గొంతులోది కాదు, నా పనిలోది. అక్కడ పల్చగా అరగదీశాను. నిన్న అందరూ నవ్వాల్సింది నన్ను చూసి" అన్నాడు ఒక్క ఊపిరిలో. ఆగితే మళ్ళీ చెప్పలేనని భయం.

లిఫ్టు మూడో అంతస్తులో ఆగింది. ఎవరో ఎక్కారు. ఇద్దరూ ముఖాలు తిప్పుకున్నారు. ఆ మనిషి దిగిపోయాక ఆవిడ అంది: "అలవాటైపోతుందన్నారండి డాక్టరు గారు. నేనే సరిగ్గా పలకడం లేదనుకున్నా. ఇంట్లో అద్దం ముందు కూర్చుని సాధన కూడా చేశాను. పోనీలెండి. ఇక పాడితే కదా గొడవ."

"అలా అనకండి. రేపు మధ్యాహ్నం రెండింటికి క్లినిక్కు మూసేస్తారు. ఒక్క గంట నాకివ్వండి, సరిచేస్తాను."

"పళ్ళు తీసి ఇవ్వాలా?" ఆవిడ గొంతు చిన్నబోయింది. "మా కోడలి ముందు కూడా తియ్యనండీ నేను."

"నేను చూడనమ్మా. మీరు గది బయట కూర్చోండి, తలుపు సందులోంచి డబ్బా అందించండి. ఇరవై ఏళ్ళుగా నేను పళ్ళే చూశాను గాని మనుషుల్ని చూడలేదు. ఇంకొక్క గంట చూడకపోతే కొంపలేం మునగవు."

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వుతూ నోరు కప్పుకోవడం మరిచిపోయి, గుర్తొచ్చి మళ్ళీ కప్పుకుంది.

*

శనివారం రెండున్నరకు తలుపు సందులోంచి చిన్న స్టీలు డబ్బా లోపలికొచ్చింది. వదిన కూడా వచ్చింది, మైకూ చిన్న స్పీకరూ సంచీలో వేసుకుని. రమ్మని పిలిచింది అతనే. మామూలు చెవికి వినపడని ఈల మైకుకు వినపడుతుందని అతనికిప్పుడు తెలుసు.

దీపం మీద మైనం కరిగించి, ముందు పళ్ళ వెనక ఒక పొర వేశాడు. చల్లార్చి, డబ్బాలో పెట్టి, ముఖం తిప్పుకుని సందులోంచి అందించాడు. తలుపవతల మైకు ఆవిడ ముందు పెట్టి వదిన చదివిస్తోంది. "సబ్బు అనండి. సంచి. సొరుగు. సీసా."

"సీసా" దగ్గర ఈల వచ్చింది. డబ్బా మళ్ళీ లోపలికి. ఇంకో పొర. సబ్బు, సంచి, సొరుగు, సీసా. ఈసారి "సంచి" దగ్గర గాలి. డబ్బా లోపలికి. చాకు మొనతో కొంచెం గీరాడు. ఐదుసార్లు అలా తిరిగింది. విసుక్కుంటుందేమోనని అతను బెదిరాడు గాని, వదిన విసుక్కోలేదు, ఆవిడా విసుక్కోలేదు. ఆరోసారి "సీసా" అన్నది సీసాలాగే వినపడింది. తరవాత ఆవిడే తనంతట తను "సముద్రం, సరస్సు, సాయంసంధ్య" అని, చిన్నపిల్లలా కిలకిలా నవ్వింది. మైనం తీసి గట్టి పదార్థం పోసి ఉడికించి సాపు చేసేసరికి నాలుగున్నరయింది. ఈసారి అద్దంలా మెరుగు పెట్టలేదు.

"ఇప్పుడు పాడండి, పాట మొత్తం" అంది వదిన.

ఖాళీ క్లినిక్కులో, పేషెంట్లు కూర్చునే కుర్చీల మధ్య నిలబడి లిఫ్టమ్మ పాడింది. పళ్ళాయన చేతులు తుడుచుకుంటూ గది గుమ్మంలో నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ లిఫ్టు గోడలకు తగిలి ముక్కలుగా వినపడిన గొంతు అదేనా అనిపించింది. తేనె, పంచదార అని జనం అంటుంటారు గాని అది కాదు. బాగా వాడిన చెక్క గరిటెలా నునుపుగా, నమ్మకంగా ఉంది ఆ గొంతు. అతనికి ఒళ్ళు పులకరించింది.

నాలుగు లైన్లయ్యాక గొంతు టక్కున ఆగింది.

"ఏమైందమ్మా?" అంది వదిన.

"ఏమోనండీ. మళ్ళీ పాడతాను."

మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారీ అక్కడే. ఆవిడ కుడిచెయ్యి బటన్ల కోసమన్నట్టు గాల్లోకి లేచింది. అప్పుడు ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. నాలుగు లైన్లంటే నాలుగంతస్తులు, లిఫ్టెక్కేవాళ్ళలో చాలామంది దిగేది క్లినిక్కు దగ్గరే. పదహారేళ్ళుగా ఆ చోటుకు తలుపు తెరుచుకుంటోంది. మాట మరిచిపోలేదు, రాగం మరిచిపోలేదు, ఒంట్లో పాట అంతవరకే ఉంది.

"చూశారా" అంది లిఫ్టమ్మ, కుర్చీలో కూలబడి. "పళ్ళయితే మార్చారు. దీన్నేం మారుస్తారు?"

వదిన పక్కన కూర్చుంది. ఆవిడ చేతిలో మైకు సరిచేసింది. మునుపటిలా పెదవికి ఎదురుగా కాదు, కాస్త కిందికి, గడ్డం వైపు చూసేలా. "ఇలా పట్టుకుంటే ఊపిరి పైనుంచి పోతుంది, మాట మాత్రం మైకులో పడుతుంది. మిగతాది నేను నేర్పగలిగింది కాదమ్మా. బస్టాండులో నాకూ ఇలాగే ఉండేది. మాట మధ్యలో పక్కన హారన్ మోగితే ఆగిపోయేదాన్ని. మా పై ఆఫీసరమ్మ ఒకటే చెప్పింది, మోగేది మోగుతుంది, నువ్వు చెప్పేది నువ్వు చెప్పు అని. తలుపు తెరుచుకుంటే తెరుచుకోనివ్వండి."

ఆ సాయంత్రం ఇంకో పదిసార్లు పాడింది. ఒకసారి దాటింది, తొమ్మిదిసార్లు ఆగింది. "గురువారం వస్తారుగా?" అని వదిన అడిగితే, ఆవిడ డబ్బా సంచీలో పెట్టుకుంటూ, "ఆగిపోతే మళ్ళీ నవ్వుతారండీ. రెండోసారి నవ్వితే ఇక లిఫ్టులో కూడా పాడలేను" అంది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

*

గురువారం మధ్యాహ్నం పళ్ళాయన గదికి వెనక మెట్ల మీంచి ఎవరో వచ్చారు. టైల్సాయన. నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"డాక్టరు గారు లేరటండీ. సాయంత్రం పాడాలి. ఎవరికీ తెలియనివ్వకండి" అని రుమాలు విప్పాడు. ఒకే ఒక్క ముందు పన్ను ఉన్న చిన్న ప్లేటు, కొక్కెం తీగ విరిగి ఉంది. పళ్ళాయనకు కొత్తేమీ కాదు. అది తను రెండేళ్ళ కిందట చేసిందేనని ఏ గురువారమైనా ఆయన నోరు తెరిచినప్పుడల్లా తెలుస్తూనే ఉంది. వదినకు గాని భార్యకు గాని ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో వంటకు వంకలు పెడతాడు గాని, ఒకళ్ళ నోట్లోది ఇంకొకళ్ళ చెవిలో వెయ్యడు.

తీగ వంచి అతికించాడు. పెట్టుకోమన్నాడు. శనివారం నుంచి అలవాటైన మాటలు నోటికొచ్చాయి. "ఏదీ, సబ్బు అనండి. సంచి. సొరుగు. సీసా."

"సీసా" అన్నాడు టైల్సాయన. చక్కటి ఈల వచ్చింది. పకపకా నవ్వాడు. "మళ్ళీ చూద్దాం. సీసా." మళ్ళీ ఈల. ఈసారి నవ్వు సగంలో ఆగింది. "ఇది ఇప్పుడొచ్చిందా, ముందునుంచీ ఉందా?"

"ముందునుంచీ ఉండే ఉంటుందండీ. మీరు మైకు తలను పిడికిట్లో పట్టుకుంటారుగా. దాంట్లో గొంతే నలిగిపోతుంది, ఇక ఈలెక్కడ వినపడుతుంది? తప్పు మీది కాదు, పన్ను పెట్టినవాడిది. ఇలా ఇవ్వండి, సరిచేస్తాను."

టైల్సాయన ప్లేటు తీసి ఇచ్చాడు. పన్ను లేని ముఖంతో, అంత పెద్ద మనిషీ స్కూలు గుమ్మంలో నిలబెట్టిన పిల్లాడిలా కనపడ్డాడు. కాసేపు గోడలకున్న అచ్చులు చూశాడు. తరవాత మెల్లిగా అడిగాడు: "మొన్న పాడిందే ఒకావిడ... ఆవిడకి కూడా..."

పళ్ళాయన అరగదీసే మెషీను స్విచ్చు వేశాడు. ఆ రొదలో ఏ మాటా వినపడదు. మెషీను ఆపాక టైల్సాయన ఇంకేమీ అడగలేదు.

*

ఏడింటికి లిఫ్టమ్మ వచ్చింది. వదిన ముఖం విప్పారింది గాని, క్లిప్పు మాత్రం రావలసిన చోటే తగిలించింది, నాలుగోది. ఐదోది టైల్సాయనది. రెండో మైకు ఆ రోజు మళ్ళీ స్టాండు మీదికొచ్చింది, అప్పుడే ఒక జంట పాట అయింది. ముందు బల్లకు అది చేతికందే దూరంలోనే ఉంది. పళ్ళాయన సోడా అలాగే వదిలేసి దాన్నే చూస్తున్నాడు.

"దయచేసి వినండి" అంది వదిన. "గత గురువారం సాంకేతిక కారణాల వల్ల మధ్యలో నిలిచిపోయిన పాట, ఇప్పుడు అదే వేదిక మీది నుంచి బయలుదేరి, గమ్యం వరకూ వెళ్ళనున్నది."

లిఫ్టమ్మ మైకందుకుంది. నాలుగు వేళ్ళు తనే అడ్డం పెట్టి కొలుచుకుంది. మైకును గడ్డం వైపు వంచింది. పల్లవి మొదలైంది. ఒక్క ఈల లేదు. "స"లన్నీ నూలు దారంలా మెత్తగా వచ్చాయి. బారు మాటలు ఒక్కో బల్ల దగ్గరా ఆగిపోయాయి. కోడలు రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుని కూర్చుంది.

మొదటి లైను, రెండో లైను. మూడు. నాలుగు.

ఆగింది.

వెనక వాద్యం సాగిపోతోంది. తెర మీద అక్షరాలు రంగు మారుతూ ముందుకు పోతున్నాయి. ఆవిడ కుడిచెయ్యి గాల్లోకి లేచి నిలిచిపోయింది. ముందు బల్లలో ఎవరో కిసుక్కుమన్నారు. టైల్సాయన కుర్చీలో కదిలాడు. చెయ్యి చాపి రెండో మైకు అందుకున్నాడు. వదిన వేలు మీట మీద ఉంది. ఆయన మైకు స్విచ్చు తీసేసి, దాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకుని, తన బల్ల వైపు తిరిగి వేలు పెదవుల మీద పెట్టాడు. ఆ ఎనిమిదిమందీ బిగుసుకుపోయారు.

అప్పుడు పళ్ళాయన లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. జనంలో నిలబడిన అలవాటు లేని మనిషి, చెవులు వేడెక్కిపోయాయి. లిఫ్టమ్మ కళ్ళు అతని మీద పడ్డాయి. అతను చెయ్యి ముందుకు చాచి, గాల్లో లేని బటన్ని బొటనవేలితో గట్టిగా నొక్కాడు. తలుపులు మూసే బటన్.

ఆవిడ ఒక్క క్షణం చూసింది. నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా. జారిపోయిన లైన్లు జారిపోనిచ్చి, చరణం మొదటి మాట దగ్గర పాటను పట్టుకుంది. అక్కణ్ణించి ఆగలేదు. గొంతు పైకెళ్ళినప్పుడు మైకు మెల్లిగా వెనక్కి జరిగింది, కిందికి దిగినప్పుడు దగ్గరికొచ్చింది, ఎవరో నేర్పినట్టు కాదు, ఊపిరి తీసుకున్నట్టు. రెండో చరణం. ఆఖరి పల్లవి. మాటలైపోయాక కూడా ఆవిడ మైకు దించలేదు. వెనక వాద్యం చివరి చుక్క దాకా మోగి ఆగేవరకూ, తలొంచుకుని, కదలకుండా నిలబడింది. దిగేవాళ్ళు దిగేదాకా ఆగింది.

తరవాత బారు ఎంత మోగిందో చెప్పలేం. కోడలు ఏడుస్తోంది, నవ్వుతోంది, పక్క బల్లవాళ్ళతో "మా అత్తయ్యండీ" అంటోంది. వదిన కళ్ళజోడు తీసి మైకు తుడిచే గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది. ఇరవై రెండేళ్ళ అనౌన్సరుకు ప్రకటన నోటికి రాలేదు.

ఐదో క్లిప్పు టైల్సాయనది. లిఫ్టమ్మ పిడి ఆయన వైపు తిప్పి మైకిచ్చింది. ఆయన దాన్ని పిడికిట్లో పట్టుకోబోయి, ఆగి, మధ్యలో పట్టుకుని, నాలుగు వేళ్ళు అడ్డం పెట్టి కొలుచుకున్నాడు. ఆయన గొంతు మొదటిసారి మనిషి గొంతులా వినపడింది.

"మొన్న ఈల వేసింది నేనండీ. పెద్దమనసుతో క్షమించండి" అన్నాడు ఆవిడతో. తరవాత వదిన వైపు తిరిగాడు. "ఇప్పుడు ఈవిడ వెనకాల నేను పాడితే మర్యాదగా ఉండదు. నా క్లిప్పు దారం చివరికి పంపించండి."

ఆ దారం మీద ఒక క్లిప్పు తనంతట తను వెనక్కి వెళ్ళడం అదే మొదలు. వదిన దాన్ని తీసి చివర తగిలించి, దానికి ఎదురుగా ఒక్క క్షణం నిలబడింది.

*

శుక్రవారం పొద్దున పళ్ళాయన లిఫ్టెక్కేసరికి లోపల అయిదుగురున్నారు. లిఫ్టమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది, ఎప్పటిలా బటన్ల వైపు తిరిగి. తలుపులు మూసుకున్నాయి. పాట మొదలైంది.

రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంది. పాట ఆగలేదు. దిగాల్సిన మనిషి ఒక కాలు బయట పెట్టి, ఆవిడ వైపు చూసి, లైను పూర్తయ్యేదాకా అలాగే నిలబడి, చప్పుడు చెయ్యకుండా దిగాడు. మూడోదాంట్లో ఎక్కాల్సిన ఇద్దరు మాటలాపి మునివేళ్ళ మీద ఎక్కారు. నాలుగో అంతస్తు వచ్చింది. తలుపు బార్లా తెరుచుకుంది. ఎదురుగా క్లినిక్కు బోర్డు, డాక్టరు గారు వాచీ చూసుకుంటూ నిలబడి ఉన్నారు.

పాట ఇంకా చరణంలోనే ఉంది. పళ్ళాయన డాక్టరు గారికి నమస్కారం పెట్టి, చెయ్యి చాచి తలుపులు మూసే బటన్ నొక్కాడు. ఆ రోజు అతను పనిలోకి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాడు.